జీతం పైని హక్కులు: ఖమ్మం–భద్రాచలం అడవి అంచున

కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు ప్రాంతాల్లో 'బోనసు' అన్న మాట ఒక్కొక్కరి నోట ఒక్కో అర్థంలో వినిపిస్తుంది. సింగరేణి పర్మినెంటు కార్మికుడు ఆ మాట అంటే దీపావళి ముందు వచ్చే పనితీరు బహుమతి పీఎల్‌ఆర్ అని అర్థం. లాభాల వాటాను కూడా కొన్ని ఇళ్లలో బోనసు అనే అంటారు. అదే గనిలో కాంట్రాక్టరు కింద పనిచేసే మనిషికి బోనసంటే ఏడాదికి ఒకసారి చట్టం ఇప్పించవలసిన డబ్బు. చర్ల, దుమ్ముగూడెం వైపు తునికాకు కోసే కోయ కుటుంబానికి ఆకు వేలంలో మిగిలిన రాబడిలో తమ పాలు. ఈ నాలుగింటిలో బోనసు చట్టం పేరు పెట్టి చెప్పేది ఒక్కటే. అది అందరికన్నా తక్కువ జీతం వచ్చే కాంట్రాక్టు కార్మికుడిది.

నెల జీతం కాక చట్టం యజమాని చేత తప్పనిసరిగా ఇప్పించే వాటిని చట్టబద్ధ ప్రయోజనాలంటారు. భవిష్యనిధి, పింఛను, గ్రాట్యుటీ, బోనసు, ప్రమాద పరిహారం, ప్రసూతి సెలవు, జీతంతో కూడిన సెలవు, వైద్య బీమా వీటిలో ముఖ్యమైనవి. యజమాని దయతో ఇచ్చేవి, సంఘాలతో ఒప్పందం వల్ల వచ్చేవి వీటిలో చేరవు. ఒప్పందం ముగిస్తే, లాభం తగ్గితే ఆ రెండో రకం మారిపోవచ్చు. మొదటి రకాన్ని కార్మికుడు తానే సంతకం పెట్టి వదులుకున్నా ఆ సంతకం చెల్లదు. ఈ తేడా తెలియకే అడవి అంచు ఊళ్లలో చాలామంది తమకు రావలసినదాన్ని కానుకలా చూస్తున్నారు.

గోదావరికి ఈవల, ఆవల

1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుగొన్నాడు. ఇంగ్లండులో 1886లో ఏర్పడిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ 1889లో తవ్వకం మొదలుపెట్టింది. 1920 డిసెంబరు 23న అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. ఇల్లెందు పక్కనున్న చిన్న పల్లె పేరే కంపెనీకి నిలిచిపోయింది. ఇవాళ అందులో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది.

గనులు నిజాం రాజ్యంలో ఉండేవి. గోదావరి దాటితే భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీ కింద, తూర్పుగోదావరి ఏజెన్సీలో ఉండేది. బ్రిటిష్ ఇండియాలో 1923లో వచ్చిన కార్మికుల నష్టపరిహార చట్టం నిజాం గనులకు దానంతట అది వర్తించేది కాదు. ఆవలి ఒడ్డున మామూలు చట్టాలు ఏజెన్సీలోకి రావాలంటే ప్రత్యేక ప్రకటన కావలసి ఉండేది. ఒకే అడవిలో నదికి ఇరువైపులా పనిచేసే మనుషులు రెండు వేరు వేరు కారణాల వల్ల చట్టానికి దూరంగా ఉన్నారు. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిశాక, 1951 నుంచి కేంద్ర చట్టాలు ఇక్కడికి ఒక్కొక్కటే వచ్చాయి. 1953లో వరంగల్లు నుంచి విడిపోయి ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం అందులో చేరింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. అందువల్ల ఇప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. గనులు కాని పనులకు కనీస వేతనం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నిర్ణయించుకుంటుంది. భవిష్యనిధి, గ్రాట్యుటీ, బోనసు మాత్రం సరిహద్దుకు రెండు పక్కలా ఒకటే.

మస్టరు

ఈ ప్రాంతంలో కార్మిక హక్కుల చరిత్రంతా ఒక్క మాటలో చెప్పమంటే 'మస్టరు' అంటాను. హాజరు పట్టీలో పడే ఒక రోజు లెక్క అది. బాయిలో (భూగర్భ గనిలో) దిగిన మనిషి "ఈ ఏడాది నాకు ఇన్ని మస్టర్లున్నయ్" అని చెప్పుకోవడం వెనక చట్టం ఉంది. గ్రాట్యుటీ కోసం ఏడాది సర్వీసు నిండినట్టు లెక్క కట్టాలంటే భూగర్భంలో పనిచేసేవారికి 190 రోజులు, పైన పనిచేసేవారికి 240 రోజులు హాజరు ఉండాలి. భూమి లోపల వేడి, తడి, గాలి కరువు మనిషిని ఎంత త్వరగా అరగదీస్తాయో ఆ 50 రోజుల తేడాలో చట్టం ఒప్పుకుంది. 1952 గనుల చట్టం సెలవుల లెక్కలోనూ ఇదే కొలత పెట్టింది. బాయిలో 15 రోజుల పనికి ఒక రోజు, పైన 20 రోజుల పనికి ఒక రోజు జీతంతో సెలవు.

కాబట్టి నాగాలు ఎక్కువైతే పోయేది ఆ రోజు కూలి ఒక్కటే కాదు. ఏడాది నిండకపోతే ఆ ఏడాది గ్రాట్యుటీ లెక్కలోంచి జారిపోతుంది. అయితే జబ్బు, ప్రమాదం, సెలవు, లేఆఫ్, చట్టబద్ధమైన సమ్మె వంటి కారణాలతో పనికి రాని రోజులు సర్వీసును తెంపవు. పర్మినెంటు కాకముందు బదిలీ వర్కరుగా (రానివారి బదులు) చేసిన రోజులు కూడా హాజరు నిండితే లెక్కకు వస్తాయి. ఉద్యోగం దిగిపోయేనాడు తేదీల మీద పేచీ వచ్చినప్పుడు చాలామందిని ఆదుకునేది పాత వేతన చిట్టీలే.

బోనసు, లాభాల వాటా

1948లో కేంద్రం బొగ్గు గనుల కార్మికులకు భవిష్యనిధి, బోనసు పథకాలు రెంటినీ కలిపి ఒకే చట్టం చేసింది. ఆ బోనసు మూడు నెలలకోసారి, హాజరును బట్టి వచ్చేది. చట్టవిరుద్ధమైన సమ్మెలో పాల్గొంటే పోయేది. మనిషిని బాయికి రప్పించడానికి పెట్టిన ఎర అది అనడం తప్పు కాదు. 1965 బోనసు చెల్లింపు చట్టం ఆలోచనే మార్చేసింది. సంస్థ మిగులులో శ్రమకు పాలు ఉందని ఒప్పుకుంది. నష్టం వచ్చిన ఏడు కూడా కనీస బోనసు (మొదట 4 శాతం, తర్వాతి సవరణలతో 8.33 శాతం), మిగులు ఉంటే 20 శాతం దాకా ఇవ్వాలంది. 8.33 అంటే పన్నెండో వంతు, ఏడాదికి ఒక నెల జీతం. నష్టంలోనూ ఇవ్వవలసిందే కాబట్టి దీన్ని వాయిదా వేసిన జీతం అనడమే న్యాయం.

ఏడాదిలో 30 రోజులు పనిచేస్తే అర్హత వస్తుంది. 2015 సవరణ ప్రకారం నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారు దీని కిందికి వస్తారు. లెక్కకు మాత్రం 7,000 లేదా కనీస వేతనం, ఏది ఎక్కువైతే అది తీసుకోవాలి. 7,000 మీద కట్టినా ఏడాదికి దాదాపు అంతే మొత్తం వస్తుంది. కనీస వేతనం అంతకన్నా ఎక్కువగా ఉన్నచోట ఆ మేరకు పెరగాలి. ఖాతా సంవత్సరం ముగిసిన 8 నెలల్లో చెల్లించాలి. మోసం, దొంగతనం, పనిస్థలంలో హింస వంటి కారణాలతో ఉద్యోగం పోయినవారికే బోనసు రాదు. 'నువ్వు మధ్యలో మానేశావు' అని ఎగ్గొట్టడానికి చట్టంలో చోటు లేదు.

సింగరేణి పర్మినెంటు కార్మికుల జీతాలు ఆ 21,000 గీతను ఎప్పుడో దాటాయి. వారికి వచ్చే పీఎల్‌ఆర్ దేశంలోని బొగ్గు కంపెనీలకూ కేంద్ర కార్మిక సంఘాలకూ మధ్య కుదిరే ఒప్పందం ఫలితం. 2024లో అది ఒక్కొక్కరికి 93,750 రూపాయలు. లాభాల వాటా దారి మరొకటి. 1990ల్లో నష్టాలతో రెండుసార్లు ఖాయిలా పరిశ్రమల బోర్డు బీఐఎఫ్‌ఆర్ గుమ్మం తొక్కిన కంపెనీ లాభాల్లోకి వచ్చాక, కార్మికులకు పాలు ఇవ్వడం ఆనవాయితీ అయింది. 2023–24 సంవత్సరానికి విస్తరణకు పక్కన పెట్టగా మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు పంచారు. ఆ ఏడాదే మొదటిసారి కాంట్రాక్టు కార్మికులకు కూడా తలా 5,000 ఇచ్చారు. పర్మినెంటు వారి సగటు వాటా సుమారు 1,90,000. ఒకే బొగ్గు, ఒకే దుమ్ము. ఈ రెండు అంకెల మధ్య దూరానికి బోనసు చట్టం దగ్గర జవాబు లేదు. లాభాల వాటా శాతం ఎంతో ఏటేటా ప్రభుత్వం ప్రకటిస్తుంది. కాంట్రాక్టు కార్మికుడికి ఇచ్చిన 5,000 లాభాల వాటా కిందిది. దాన్ని చూపి కాంట్రాక్టరు చట్టబద్ధ బోనసు ఎగ్గొట్టడానికి వీల్లేదు.

గ్రాట్యుటీ

1972 గ్రాట్యుటీ చట్టం తెచ్చిన హక్కు గనులన్నింటికీ వర్తిస్తుంది. ఇక్కడ కార్మికుల సంఖ్యతో పని లేదు. లెక్క సులువు. చివరి నెల మూల వేతనం, కరువు భత్యం కలిపి 26తో భాగించి, 15తో గుణించాలి. వచ్చిన మొత్తాన్ని సర్వీసు ఏళ్లతో మళ్లీ గుణించాలి. నెలకు 26,000 వచ్చే మనిషికి రోజు జీతం 1,000, ఏడాదికి 15,000, 30 ఏళ్లకు 4,50,000. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా తీసుకోవాలి. గరిష్ఠ పరిమితి 2018 నుంచి 20 లక్షలు. మామూలుగా 5 ఏళ్ల సర్వీసు కావాలి. మరణం, శాశ్వత అంగవైకల్యం విషయంలో ఆ నియమం లేదు. 30 రోజుల్లో చెల్లించకపోతే వడ్డీ పడుతుంది. ఏ కోర్టు డిక్రీ కిందా గ్రాట్యుటీని జప్తు చేయరాదు. అప్పులవాళ్లు గేటు దగ్గర కాచుకుని కూర్చున్నా ఈ డబ్బు మీద చట్టరీత్యా చెయ్యి వేయలేరు.

అడవి పల్లెల్లో ఈ చట్టం పరిధిని పెంచిన తీర్పు 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. గుజరాత్‌లోని దాహోద్ జిల్లా నుంచి వచ్చిన ఆ కేసులో, అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు గ్రాట్యుటీకి అర్హులని కోర్టు చెప్పింది. వారికి ఇచ్చేది 'గౌరవ వేతనం' అని పిలిచినా అది జీతమేనని తేల్చింది. గొత్తికోయ ఆదివాసుల గూడేల దాకా నడిచి వెళ్లి పిల్లల బరువు తూచే ఆడవాళ్లకు ఈ తీర్పు చేసిన మేలు పెద్దది.

భవిష్యనిధి, పింఛను

బొగ్గు గని కార్మికుడికి అందరిలా ఉద్యోగుల భవిష్యనిధి (ఈపీఎఫ్) ఉండదు. 1948 చట్టం కింద ఏర్పడిన బొగ్గు గనుల భవిష్యనిధి (సీఎంపీఎఫ్) ఉంటుంది. దాని కేంద్ర కార్యాలయం ధన్‌బాద్‌లో ఉంది. కార్మికుడు 12 శాతం, యజమాని 12 శాతం కడతారు. 1998 మార్చి 31 నుంచి బొగ్గు గనుల పింఛను పథకం వచ్చింది. చివరి పది నెలల సగటు జీతంలో 25 శాతం దాకా పింఛనుగా వస్తుంది. అయితే దానికి కరువు భత్యం ముడిపెట్టలేదు. ఇరవై ఏళ్ల కింద దిగిపోయిన మనిషి ఆనాటి జీతం మీద కట్టిన పింఛనుతోనే ఇవాళ సంతకు వెళ్తున్నాడు. మొత్తం వ్యవస్థలో నాకు అన్నిటికన్నా అన్యాయంగా కనిపించేది ఇదే.

సారపాకలోని కాగితం మిల్లు, పాల్వంచ విద్యుత్ కేంద్రం, ఖమ్మం గ్రానైటు పాలిషింగు యూనిట్ల వంటి చోట్ల 1952 ఈపీఎఫ్ చట్టమే ప్రమాణం. 20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థకు అది తప్పదు. 10 ఏళ్ల సర్వీసు నిండితే పింఛను. జీతం 21,000 లోపు ఉంటే ఫ్యాక్టరీల్లో వైద్య బీమా (ఈఎస్‌ఐ) కూడా ఉంటుంది. కార్మికుడి వాటా 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. గనులకు ఈఎస్‌ఐ చట్టం వర్తించేది కాదు. అందుకే కొత్తగూడెంలో కంపెనీ ఆసుపత్రి ఉంది.

ప్రమాద పరిహారం

1923 చట్టం ఇంగ్లండు 1897 చట్టం అడుగుజాడల్లో వచ్చింది. పనిలో ప్రమాదం జరిగితే తప్పెవరిదని చూడకుండా యజమాని పరిహారం ఇవ్వాలన్నది దాని ప్రాణం. చనిపోయినప్పుడు నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఉన్న సంఖ్యతో గుణిస్తారు. లెక్కకు తీసుకునే జీతం 2020 నుంచి గరిష్ఠంగా 15,000. ముప్పై ఏళ్ల మనిషికి ఆ సంఖ్య 207.98. 7,500ను దానితో గుణిస్తే 15,59,850 రూపాయలు. 'ఏదో రెండు లక్షలిచ్చి రాజీ చేసుకుందాం' అనే పెద్దమనుషుల పంచాయితీ ముందు ఈ అంకె తెలిసి ఉండటం ఒక కుటుంబం బతుకునే మారుస్తుంది. పరిహారం తేల్చే అధికారి ముందు జమ చేయకుండా చనిపోయిన వ్యక్తి కుటుంబానికి చేతికిచ్చిన డబ్బు చట్టం దృష్టిలో పరిహారం కానే కాదు.

ఏటా మిరప కోతల కాలంలో ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి ఆదివాసులు గోదావరి తీరపు తోటలకు, ఖమ్మం చుట్టుపక్కల ఊళ్లకు వస్తారు. ట్రాక్టరు ట్రాలీల్లో నిలబడి వెళ్తారు. రైతు కూలీకి గ్రాట్యుటీ, భవిష్యనిధి లేవు. కానీ ట్రాక్టరు వంటి యంత్రాలతో సాగే వ్యవసాయ పని పరిహార చట్టం షెడ్యూలులో ఉంది. కనీస వేతనమూ వర్తిస్తుంది. ఈ సంగతి ఊళ్లలో తెలిసినవారు చాలా తక్కువ.

కాంట్రాక్టరు కింద

ఓపెన్‌కాస్టులో మట్టి తీయడం, బొగ్గు రవాణా, పారిశుధ్యం, కాపలా వంటి పనులు ఎక్కువగా కాంట్రాక్టర్ల చేతిలో ఉన్నాయి. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టంలోని ముఖ్యమైన మాట ఒకటే. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు సంస్థ చెల్లించి, ఆ మొత్తాన్ని కాంట్రాక్టరు బిల్లులోంచి మినహాయించుకోవాలి. భవిష్యనిధికీ ఇదే సూత్రం. బొగ్గు గనుల్లో కాంట్రాక్టు వారికి హైపవర్ కమిటీ సిఫార్సు చేసిన వేతనాలు ఇవ్వాలన్న డిమాండు మీద 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. విద్యుత్ కేంద్రాల్లో కథ ఇంకో దారి పట్టింది. కాంట్రాక్టరు కింద పనిచేసిన వేలమందిని 2017లో 'ఆర్టిజన్లు' అన్న పేరుతో సంస్థల్లోకే తీసుకున్నారు.

కాంట్రాక్టు మారిన ప్రతిసారీ కొత్త హాజరు పట్టీ మొదలవుతుంది. పదిహేనేళ్లుగా అదే గేటులోంచి లోపలికి వెళ్లిన మనిషి కాగితం మీద ఐదేళ్లు కూడా నిండని కొత్తవాడే. గ్రాట్యుటీ ఎక్కువగా పోయేది ఇక్కడే.

ఆకు కల్లం దగ్గర

తునికాకు పని ఎండాకాలం ముచ్చట. ముందుగా కొమ్మ కొట్టిస్తారు. ఏప్రిల్, మే నెలల్లో లేత ఆకు తెంపి, 50 ఆకులు ఒక కట్టగా కట్టి కల్లానికి తెస్తారు. కల్లేదారు లెక్క చూసి కార్డు మీద రాస్తాడు. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డు బ్యాగు. ఆకు వ్యాపారం 1971 చట్టం నాటి నుంచి ప్రభుత్వం చేతిలో ఉంది. యూనిట్లు వేలం వేస్తారు. కొన్న కాంట్రాక్టరు కట్టకింత అని సేకరణ కూలి ఇస్తాడు. ప్రభుత్వానికి వచ్చిన రాబడిలో ఖర్చులు పోను మిగిలినది కట్టల లెక్కన సేకరించినవారి ఖాతాల్లో వేస్తారు. జనం దీన్నే తునికాకు బోనసు అంటారు.

ఇక్కడ యజమాని ఎవరు? అటవీ శాఖ తాను కాదంటుంది. కాంట్రాక్టరు తాను ఆకు కొన్నవాడినే అంటాడు. కాబట్టి భవిష్యనిధి లేదు, గ్రాట్యుటీ లేదు. ఎలుగుబంటి గీరినా, పాము కరిచినా పరిహార చట్టం కింద దావా వేయడం కష్టం. విచిత్రమేమిటంటే ఇదే ఆకు నిజామాబాదుకు చేరి బీడీగా మారేటప్పుడు, ఇంటి అరుగు మీద కూర్చుని చుట్టే మనిషి ఉద్యోగే అవుతుంది. ఇంట్లో బీడీలు చుట్టేవారికి కూడా భవిష్యనిధి వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1985లోనే తీర్పు చెప్పింది. తెంపే చేతికి లేని హక్కు చుట్టే చేతికి ఉంది.

మరో వైపు నుంచి చూస్తే ఆకు కోసేవారి హక్కు జీతగాడి హక్కు కన్నా గట్టిది. చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద 1996 పెసా చట్టం (షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీ చట్టం) గ్రామసభలకు, 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసులకూ ఇతర సంప్రదాయ అటవీ నివాసులకూ యాజమాన్యం ఇచ్చాయి. సొంతదారుకు దక్కేది బోనసు కాదు, సొంత సరుకు వెల. ఆ వెల కొన్ని సీజన్లది ఏళ్లు గడిచాక ఖాతాల్లో పడింది. కార్డులో కట్టలు రాయించుకోనివారికి పడనే లేదు. కల్లం దగ్గరి కార్డు బాయి దగ్గరి మస్టరు లాంటిదే.

కొత్త కోడ్‌లు

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత చట్టాల్లో పరిహారం, ఈఎస్‌ఐ, ఈపీఎఫ్, ప్రసూతి, గ్రాట్యుటీ చట్టాలు సామాజిక భద్రత కోడ్‌లో, బోనసు, కనీస వేతనం వేతనాల కోడ్‌లో కలిశాయి. బొగ్గు గనుల భవిష్యనిధి చట్టం మాత్రం విడిగానే మిగిలింది. ఈ ప్రాంతానికి పనికొచ్చే మార్పులు కొన్ని ఉన్నాయి. భత్యాలు మొత్తం జీతంలో సగం దాటితే ఆ పై భాగాన్ని వేతనంలో కలిపి లెక్కించాలి. మూల వేతనం తక్కువ చూపి గ్రాట్యుటీ కోసే అలవాటుకు ఇది అడ్డు. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ హక్కు వస్తుంది. వార్షిక సెలవుకు 180 రోజుల పని చాలు. ఇంటి నుంచి పనికి వచ్చిపోయే దారిలో, పనితో సంబంధం ఉన్న ప్రమాదం కూడా పరిహారం కిందికి వస్తుంది. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. ప్రసూతి సెలవు 2017లో పెరిగిన 26 వారాలే. అందుకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉండాలి. కాంట్రాక్టరు కింద ఊడ్చే మహిళకూ ఇది వర్తిస్తుంది.

ఎక్కడ అడగాలన్నది కూడా తెలిసి ఉండాలి. గనుల విషయంలో కేంద్ర కార్మిక శాఖ అధికారులు. మిల్లు, గ్రానైటు పాలిషింగు యూనిటు, దుకాణం, తోట విషయంలో రాష్ట్ర కార్మిక శాఖ. భవిష్యనిధికి సీఎంపీఎఫ్, ఈపీఎఫ్ కార్యాలయాలే. తప్పు తలుపు తట్టి నెలలు పోగొట్టుకున్నవారు చాలామంది. వేతన చిట్టీ, హాజరు కార్డు, భవిష్యనిధి ఖాతా నంబరు (యూఏఎన్), కల్లం కార్డు ఇంట్లో ఒకే చోట దాచిపెట్టండి. ప్రమాద పరిహారం దావాకు గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి 2 ఏళ్లు.